ఒకే ఇంట్లో రెండు చదువులు

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించవచ్చా? ఈ ప్రశ్న మన దగ్గర రెండు చోట్ల రెండు అర్థాలతో వినిపిస్తుంది. హైదరాబాదు పడమటి అపార్టుమెంట్లలో అది తల్లిదండ్రులు ఆలోచించుకుని తీసుకున్న నిర్ణయం. అక్కడ పుస్తకాలుంటాయి, ఇంటర్నెట్ ఉంటుంది, డిగ్రీ చదివిన తల్లి ఉంటుంది. గద్వాల వైపు సీడు పత్తి చేలల్లో అదే మాటకు అర్థం, పదేళ్ళ పిల్ల కూలికి పోతోందని. ప్రభుత్వ లెక్కల్లో మాత్రం ఇద్దరూ ఒకే గడిలో పడతారు: బడి బయటి పిల్లలు.

చర్చ చిక్కుపడటానికి మొదటి కారణం ఇదే. రెండో కారణం, వాదించేవాళ్ళు మూడు వేర్వేరు ప్రశ్నల్ని కలిపేయడం. చట్టం ఒప్పుకుంటుందా అన్నది ఒకటి. పిల్లలకు చదువు వస్తుందా అన్నది రెండోది. ఆ ఇంట్లో రోజు ఎలా గడుస్తుంది, దాన్ని ఎవరు మోస్తారు అన్నది మూడోది. మొదటి రెండింటి మీద తీర్పులూ గ్రంథాలూ ఉన్నాయి. మూడోదాని ఊసు తక్కువ. ఒక బిడ్డ బడికి వెళ్తూ, ఇంకో బిడ్డ ఇంట్లో చదువుకునే కుటుంబాల్లో అసలు ప్రశ్న ఆ మూడోదే. ఈ వ్యాసం మూడింటినీ విడదీసి, చివరిదాని దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది.

ముందుగా ఒక హద్దు గీసుకోవాలి. 2020 మార్చిలో బడులు మూతపడ్డాక దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి చానళ్ళలోనూ టీ-శాట్‌లోనూ పాఠాలు వచ్చాయి; తెలుగు ఇళ్ళన్నీ కొన్నాళ్ళు తరగతి గదులయ్యాయి. దాన్ని ఇంటి చదువు అనలేం. పాఠం, పరీక్ష, హాజరు అన్నీ బడివే. చోటు మాత్రమే మారింది. ఏం నేర్పాలి, ఎప్పుడు నేర్పాలి అన్న బాధ్యతను కుటుంబం తన నెత్తిన వేసుకున్నప్పుడే అది ఇంటి చదువు.

వెనకటి సంగతి

ఇంట్లో చదువుకోవడం మన నేల మీద కొత్త కాదు. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1822లో కలెక్టర్లందరినీ వాళ్ళ జిల్లాల్లోని బడుల లెక్క అడిగాడు. 1826 నాటి తన నివేదికలో ఆ వివరాలు క్రోడీకరించినప్పుడు, మద్రాసు నగరంలో ఇళ్ళల్లో చదువుకునేవాళ్ళు బడుల్లో చదివేవాళ్ళకు అయిదు రెట్లకు పైగా ఉన్నట్టు తేలింది. ఆ అంకెలో పొరపాటు ఉండవచ్చని మన్రోకే అనుమానం వచ్చింది. అయినా బంధువుల దగ్గరో, ఇంటికి వచ్చే పంతులు దగ్గరో మగపిల్లలు చదువుకోవడం మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఉన్న అలవాటేనని రాశాడు. ఈ పత్రాలను ధరంపాల్ 1983లో పుస్తకంగా వెలువరించాక, పాత చదువుల వైభవానికి సాక్ష్యంగా వాటిని చూపేవాళ్ళు పెరిగారు.

ఆ చదువు ఎవరిది అన్న ప్రశ్న కూడా అక్కడే ఉంది. మన్రో చెప్పింది మగపిల్లల గురించి. ఇంట్లో అక్షరం ఉన్న కులాలకే ఇంటి చదువు దక్కింది. అందుకే సంస్కర్తలు బడి పెట్టడాన్నే మొదటి పనిగా చేసుకున్నారు. పుణెలో ఫూలే దంపతులు 1848లో బాలికలకు బడి తెరిచారు. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికా పాఠశాల పెట్టారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి దళిత పిల్లల కోసం బడులు నడిపారు. వీళ్ళకు బడి అంటే నాలుగు గోడలు కావు. పుట్టిన ఇల్లు ఇవ్వని దాన్ని అందుకునే మెట్టు.

పడమటి దేశాల్లో కథ వేరేగా నడిచింది. అమెరికాలో నిర్బంధ హాజరు చట్టం మొదట 1852లో మసాచుసెట్స్‌లో వచ్చింది. ఆ తర్వాత వందేళ్ళకు పైగా అక్కడ బడి తప్పనిసరి అలవాటుగా స్థిరపడింది. దాని మీద తిరుగుబాటు రెండు వైపుల నుంచి వచ్చింది. జాన్ హోల్ట్ 1964లో, బడి పిల్లల్ని భయపెట్టి బుర్రలు మొద్దుబారుస్తోందని రాశాడు; 1977 నుంచి బడి లేకుండా పిల్లల్ని పెంచేవాళ్ళ కోసమే ఒక పత్రిక నడిపాడు. ఇవాన్ ఇలిచ్ 1971లో సమాజాన్నే బడి పట్టు నుంచి విడిపించాలన్నాడు. ఇంకో వైపు, మతవిశ్వాసాల కారణంగా ప్రభుత్వ బడిని నమ్మని క్రైస్తవ కుటుంబాలు 1980లలో పెద్ద సంఖ్యలో ఇంటి చదువుకు మళ్ళాయి. 1993 నాటికి 50 రాష్ట్రాల్లోనూ అది చట్టబద్ధమైంది.

మన దేశంలో క్రమం తలకిందులైంది. పదేళ్ళలో 14 ఏళ్ళలోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించాలని రాజ్యాంగం ఆదేశిక సూత్రాల్లో పెట్టింది. అది హక్కుగా మారడానికి 2002 నాటి 86వ సవరణ, 2009 నాటి విద్యాహక్కు చట్టం కావాల్సి వచ్చాయి. చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. అంటే అమెరికా బడి నిర్బంధాన్ని సడలించుకున్న చాలాకాలానికి మనకు నిర్బంధం వచ్చింది. అందరినీ బడికి చేర్చే పని ఇంకా పూర్తి కాకముందే, బడి వద్దనుకునే మధ్యతరగతి తయారైంది. ఇక్కడ వాదం అంత తీవ్రంగా ఉండటానికి ఈ తొందరపాటు కాలక్రమమే కారణం.

నాలుగు వాదాలు

మొదటిది అందరికీ బడి వాదం. దీన్ని దేశంలో ఎవరికన్నా గట్టిగా చెప్పింది తెలుగు నేలే. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్, బడికి వెళ్ళని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న సూత్రాన్ని రాజీలేని నియమంగా పెట్టుకుంది. పొలంలో పని, పశువుల కాపలా, చంటిపిల్లల్ని ఎత్తుకోవడం, ఇంటి చాకిరీ అన్నీ అందులోకి వస్తాయి. పేదవాళ్ళు పిల్లల సంపాదన లేకపోతే బతకలేరన్న వాదాన్ని అది కొట్టిపారేసింది. ఆ సంస్థను నడిపించిన శాంతా సిన్హా 2003లో మెగసెసే పురస్కారం అందుకుని, 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు. ఈ వాదం దృష్టిలో మినహాయింపు అన్నదే ప్రమాదం. చదువుకున్న తల్లిదండ్రుల కోసం తెరిచిన తలుపులోంచి ఆడపిల్లను ఇంటిపనికి ఆపుకునే కుటుంబం కూడా బయటికి వెళ్తుంది.

రెండోది తల్లిదండ్రుల హక్కు వాదం. బిడ్డ రాజ్యం సొత్తు కాదు, పెంపకంలో మొదటి మాట కుటుంబానిదే అంటుంది ఇది. అమెరికా సుప్రీంకోర్టు 1925లో పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్ళాలన్న ఆరెగన్ చట్టాన్ని కొట్టేసింది. 1972లో అమిష్ అనే మతవర్గపు కుటుంబాలు ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని మాన్పించుకోవచ్చంది. ఈ రెండు తీర్పులూ ఈ వాదానికి ఆధారాలు.

మూడోది బడినే ప్రశ్నించే వాదం. పిల్లలు నేర్చుకోవడానికి గంటలు, తరగతులు, మార్కులు అడ్డం అంటుంది. భారతీయ ఇంటి చదువు కుటుంబాలు హోల్ట్‌తో పాటు టాగూర్, గిజూభాయి, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేర్లను తలుచుకుంటాయి. అయితే ఒక సంగతి మరవకూడదు. టాగూర్ 1901లో శాంతినికేతన్‌లో బడి పెట్టారు. గిజూభాయి బడి పంతులుగానే ప్రయోగాలు చేశారు. కృష్ణమూర్తి స్థాపించిన రిషీ వ్యాలీ బడి నడుస్తోంది. బడి తీరును తప్పుబట్టిన మనవాళ్ళు బడిని వదిలిపెట్టలేదు, మార్చబోయారు.

నాలుగోది పర్యవేక్షణ వాదం. ఇంటి చదువు ఉండనివ్వండి, కానీ ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి అంటుంది. 2018లో కాలిఫోర్నియాలో తల్లిదండ్రుల బందిఖానా నుంచి 13 మంది తోబుట్టువులు బయటపడినప్పుడు, ఆ ఇల్లు కాగితాల మీద ప్రైవేటు బడిగా నమోదై ఉందని తెలిసింది. 2020లో హార్వర్డ్ న్యాయాచార్యురాలు ఎలిజబెత్ బార్తొలెట్ ఇంకో అడుగు ముందుకేసి, తగిన కారణం చూపినవారికే అనుమతి ఇవ్వాలని రాశారు. దానికి ఎదురు జవాబూ సులువుగానే దొరుకుతుంది: దెబ్బలు, అవమానాలు బడిలో లేవా? మన విద్యాహక్కు చట్టమే 17వ సెక్షన్‌లో బడిలో శారీరక దండనను నిషేధించాల్సి వచ్చింది కదా?

చట్టం ఎక్కడ నిలబడింది

దేశాల మధ్య తేడా చాలా ఎక్కువ. జర్మనీ ఇంటి చదువును ఒప్పుకోదు. ఆ దేశ వైఖరిని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2006లో ఒకసారి, 2019లో మరోసారి తప్పుపట్టలేదు. స్వీడన్ 2010 చట్టంతో అసాధారణ పరిస్థితులకే పరిమితం చేసింది. ఫ్రాన్స్‌లో అంతకుముందు తెలియజేస్తే చాలు; 2021 చట్టం తర్వాత ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇంగ్లండులో పిల్లలకు చదువు చెప్పించడం తప్పనిసరి, బడికి పంపడం తప్పనిసరి కాదు. 1944 నుంచీ ఇదే స్థితి. బడిలో లేని పిల్లల పేర్లు నమోదు చేయాలన్న బిల్లు అక్కడ 2024 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది.

మన చట్టం మాట తేటగా ఉన్నట్టే ఉండి మసకగా మిగిలింది. 10వ సెక్షన్ ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్ని దగ్గరలోని బడిలో ప్రాథమిక విద్యకు చేర్పించడం తల్లిదండ్రుల విధి. ఆ విధి తప్పితే శిక్ష ఏమిటో సెక్షన్ చెప్పదు. ఇంట్లో చదువుకుంటున్న 14 ఏళ్ళ అమ్మాయి ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళిన కేసులో, 2012లో కేంద్రం మొదట ఇంటి చదువుకు చట్టం అడ్డురాదన్నట్టు అఫిడవిట్ వేసింది, ఆపైన ఆ మాట వెనక్కి తీసుకుంది. 18వ సెక్షన్ గుర్తింపు లేని బడిని నిషేధిస్తుంది. నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక ఇంట్లో పిల్లల్ని కూర్చోబెడితే అది బడి అవుతుందా కాదా అన్న భయం అక్కడ పుడుతుంది.

ఆచరణలో దారి ఓపెన్ స్కూలు గుండా పోతుంది. జాతీయ సార్వత్రిక విద్యాపీఠం 14 ఏళ్ళు నిండినవాళ్ళను నేరుగా పదో తరగతికి, పది పాసై 15 నిండినవాళ్ళను ఇంటర్ స్థాయికి తీసుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు పరీక్షలు పెడుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1991లోనే సార్వత్రిక విద్యాపీఠం మొదలైంది; విభజన తర్వాత రెండు రాష్ట్రాలకూ వేర్వేరు సొసైటీలు ఉన్నాయి. బడి మానేసిన కూలీలకోసం వేసిన ఈ దారి మీదే ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల పిల్లలూ నడుస్తున్నారు. దారి చివర గతుకులూ ఉన్నాయి: నీట్‌కు ఓపెన్ స్కూలు విద్యార్థుల అర్హత మీద ఏళ్ళ తరబడి కోర్టుల్లో వివాదం నడిచింది.

పరిశోధనలు చెప్పేదెంత?

ఇంటి చదువు మీద ఉన్న పరిశోధనలో పెద్ద భాగం అమెరికాది. అక్కడ 1999లో దాదాపు 8.5 లక్షల మంది, అంటే బడి వయసు పిల్లల్లో 1.7 శాతం, ఇంట్లో చదివేవారు. 2012కు అది 3.4 శాతానికి చేరి 2019కి 2.8కి తగ్గింది. కరోనా మొదటి ఏడాది సెన్సస్ బ్యూరో సర్వేలో, బడి వయసు పిల్లలున్న కుటుంబాల్లో ఇంటి చదువు ఎంచుకున్నవి వసంతంలో 5.4 శాతం, శరత్కాలానికి 11.1 శాతం. నల్లజాతి కుటుంబాల్లో ఆ పెరుగుదల 3.3 నుంచి 16.1 శాతానికి. ఇది తెల్ల క్రైస్తవుల వ్యవహారం మాత్రమే అన్న పాత అంచనా దాంతో బలహీనపడింది.

చదువు ఫలితాల దగ్గరికి వస్తే అనుకూలంగా తరచూ చూపే పెద్ద అధ్యయనం 1999 నాటి లారెన్స్ రడ్నర్‌ది. 20,760 మంది పిల్లలు పరీక్ష రాశారు. సగటులు జాతీయ సగటు కన్నా బాగా పైన నిలిచాయి. కానీ ఆ పరీక్ష కోరి రాయించుకున్నది. ఆ తల్లిదండ్రుల చదువు, ఆదాయం దేశ సగటు కన్నా ఎక్కువ. ఇంటి చదువు బడి కన్నా మేలని దీన్నిబట్టి తేల్చవద్దని రడ్నరే హెచ్చరించాడు. ఆ హెచ్చరిక ప్రచార పత్రాల్లో కనిపించదు.

కెనడాలో శాండ్రా మార్టిన్-చాంగ్ బృందం 2011లో వెలువరించిన అధ్యయనం చిన్నది: ఇంట్లో చదివే 37 మంది, బడిలో చదివే 37 మంది. అయినా అది ఒక ముఖ్యమైన తేడా పట్టుకుంది. ఇంట్లో పద్ధతి ప్రకారం పాఠాలు చెప్పించుకున్న పిల్లలు బడి పిల్లల కన్నా ముందున్నారు. ఏ ప్రణాళికా లేకుండా వదిలేసిన కొద్దిమంది మిగతా రెండు గుంపుల కన్నా వెనకబడ్డారు. సంఖ్య తక్కువ కాబట్టి తీర్పు చెప్పలేం. ఇంటి చదువు అన్న ఒక్క పేరు కింద రెండు విరుద్ధమైన పద్ధతులున్నాయని మాత్రం గుర్తుపెట్టుకోవచ్చు.

నలుగురితో కలవడం మీద రిచర్డ్ మెడ్లిన్ చేసిన సమీక్షలు ఇంటి పిల్లలు ఆ విషయంలో వెనకబడిలేరని చెప్పాయి. వాటిలో చాలా అధ్యయనాలు తల్లిదండ్రులూ పిల్లలూ తమ గురించి తామే చెప్పుకున్న మాటల మీద ఆధారపడ్డవి. 2013లో రాబర్ట్ కున్‌జ్‌మన్, మిల్టన్ గైథర్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనను కలిపి చూసి, ఎక్కువ భాగంలో ఇలాంటి లోపాలే ఎత్తిచూపారు. మన దగ్గర వార్తలు కూడా గెలిచిన కథలనే ఏరుకుంటాయి. పదో తరగతి సర్టిఫికెట్ లేని ముంబయి అమ్మాయికి 2016లో కంప్యూటర్ ఒలింపియాడ్ పతకాల బలంతో ఎంఐటీలో సీటు వచ్చినప్పుడు అది పతాక శీర్షిక అయింది. చదువు సాగక మధ్యలో బడికి తిరిగొచ్చిన పిల్లల గురించి శీర్షికలు రావు.

ఇంటి లోపలి లెక్క

ఇప్పుడు మూడో ప్రశ్న. అమెరికా గృహ సర్వేలను విశ్లేషించిన ఎరిక్ ఐసెన్‌బర్గ్ 2007లో ఒక సంగతి ముందుకు తెచ్చాడు: ఇంటి చదువు కుటుంబాల్లో చాలావాటిలో ఒక బిడ్డ ఇంట్లో ఉంటే మరో బిడ్డ బడిలో ఉంటుంది, ఇంట్లో ఉన్న బిడ్డ కూడా కొన్నేళ్ళకు బడికి మారుతుంది. అంటే తల్లిదండ్రులు సిద్ధాంతం ప్రకారం కాక, ఏ బిడ్డకు ఏ ఏడు ఏది కుదురుతుందో చూసుకుని నడుస్తున్నారు. రెండు శిబిరాల మధ్య యుద్ధంగా కనిపించేది చాలా ఇళ్ళలో ఒక సర్దుబాటు.

ఆ సర్దుబాటుకు మొదటి ఖర్చు సమయం. విద్యాహక్కు చట్టం అయిదో తరగతి దాకా ఏడాదికి 200 రోజులు, 800 బోధన గంటలు; ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు, 1,000 గంటలు ఉండాలంటుంది. రోజుకు నాలుగు నుంచి నాలుగున్నర గంటలన్నమాట. ఇంటి చదువు తల్లిదండ్రులు అందులో సగం చాలంటారు. హాజరు, బారులు తీరడం, 40 మంది నోటుబుక్కులు దిద్దడం ఇంట్లో ఉండవు గనక ఆ మాటలో నిజముంది. కానీ అదే చట్టం టీచరుకు వారానికి 45 గంటల పని లెక్కగట్టి, పాఠం సిద్ధం చేసుకునే సమయాన్నీ అందులో కలిపింది. ఇంట్లో ఆ సిద్ధపడే గంటలు ఎవరి రోజులోంచి వస్తాయి?

జవాబు జాతీయ సమయ వినియోగ సర్వేలో ఉంది. 2019లో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే పనికి ఆడవాళ్ళ సమయం 134 నిమిషాలు, మగవాళ్ళది 76. ఇంటి చదువు ఈ లెక్క పైన ఎక్కుతుంది. అమెరికా తల్లుల మధ్య ఏళ్ళ తరబడి పరిశీలన చేసిన జెన్నిఫర్ లోయిస్, 2012 నాటి పుస్తకంలో ఈ బరువునే వర్ణించింది. మొదట బడిలాంటి టైంటేబుల్ పెట్టుకున్న తల్లులు అలసటతో కుంగిపోయారు. నిలదొక్కుకున్నవాళ్ళు పాఠాల పట్టు సడలించారు, ఇల్లు అద్దంలా ఉండాలన్న పట్టుదల వదిలారు, భర్త కొంత పని పంచుకునేలా చేశారు. తమకంటూ సమయం మిగలకపోవడం మాత్రం దాదాపు అందరి మాటల్లోనూ ఉంది.

అయితే బడి ఈ బరువును దించేస్తుందనుకోవడమూ భ్రమే. పొద్దున్నే వంట, క్యారేజీలు సర్దడం, వ్యాను వేళకు పరుగు, సాయంత్రం డైరీ చూసి హోంవర్కు చేయించడం, యూనిట్ టెస్టుల ముందు రాత్రి కూర్చోవడం, ప్రాజెక్టుకు చార్టులు కొని అంటించడం బడి తల్లి పనులే. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2022లో చేసినప్పుడు, గ్రామీణ భారతంలో ఎనిమిదో తరగతిలోపు పిల్లల్లో 30.5 శాతం డబ్బు కట్టి ట్యూషన్‌కు వెళ్తున్నట్టు తేలింది. బడి చదువు బడిలో పూర్తికావడం లేదనడానికి ఇంతకన్నా రుజువేముంది? అందువల్ల తేడా బరువు ఉండటం లేకపోవడంలో లేదు, బరువు తీరులో ఉంది. బడి బరువు గడియారం ప్రకారం వచ్చిపోతుంది. ఇంటి చదువు బరువు రోజంతా పరుచుకుని ఉంటుంది.

రెండూ ఒకే ఇంట్లో ఉంటే తల్లి రోజు రెండు గడియారాల మధ్య నలుగుతుంది. వ్యాను వెళ్ళాక ఇంట్లో బిడ్డ పాఠం మొదలవుతుంది. అది ఊపందుకునే వేళకు మధ్యాహ్నం వంట, బట్టలు. నాలుగింటికి బడి బిడ్డ అలసి వస్తే, అప్పుడే ఇంట్లో బిడ్డకు ఆడుకునే తోడు దొరుకుతుంది. వీధిలో మిగతా పిల్లలూ అప్పటిదాకా బడుల్లోనే ఉంటారు కదా. ఇద్దరికీ కాలం కలిసేది ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా వేసవి సెలవుల్లోనూ, దసరా, సంక్రాంతి రోజుల్లోనూ.

తోబుట్టువుల మధ్య పోలిక రెండు వైపులా గుచ్చుకుంటుంది. వాడికి పరీక్షలు లేవు, పొద్దెక్కే దాకా పడుకుంటాడు అని బడి పిల్ల ఫిర్యాదు. అక్కకి స్నేహితులున్నారు, వార్షికోత్సవంలో డాన్సు ఉంది అని ఇంటి పిల్లవాడి బెంగ. పెళ్ళిళ్ళలో బంధువులు వేసే మొదటి ప్రశ్న ఏ క్లాసు అనే. బడి పిల్ల ఒక్క మాటలో చెప్పి వెళ్ళిపోతే, ఇంటి పిల్లవాడి బదులు తల్లిదండ్రులు పావుగంట వివరణ ఇచ్చుకుంటారు. ఇద్దరిలో ఒకర్ని ఇంట్లో ఉంచడానికి కారణం ఆరోగ్యమో, చదవడంలో ఇబ్బందో, బడిలో ఎదురైన వేధింపో అయితే చిక్కు ఇంకా పెరుగుతుంది: ఆ ఏర్పాటు తనకు దక్కిన వరమా, తనలోని లోపానికి గుర్తా అన్నది పిల్లలు పెద్దల ముఖాల్లోంచే చదువుకుంటారు.

డబ్బు లెక్క కూడా తల్లి లెక్కలోనే కలిసి ఉంది. బడి ఫీజు, వ్యాను, యూనిఫాం మిగులుతాయి. పుస్తకాలు, క్లాసులు, పరీక్ష ఫీజులు కలుస్తాయి. ఈ రెండూ సరిపెట్టుకోవచ్చు. వదులుకున్న ఉద్యోగం మాత్రం ఏ పద్దులోనూ రాయరు, చాలా ఇళ్ళలో అన్నిటికన్నా పెద్ద ఖర్చు అదే అయినా.

తెలుగు నేల మీద ఈ చర్చకు ఇంకో కొస ఉంది. ఇక్కడ బడికి ప్రత్యామ్నాయంగా లక్షల కుటుంబాలు ఎంచుకున్నది ఇల్లు కాదు, హాస్టలు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకులాల వరస, ఇంట్లో చదువుకునే చోటు లేని పేద పిల్లలకు నిజమైన మెట్టు అయింది. మరోపక్క కార్పొరేట్ జూనియర్ కాలేజీల హాస్టళ్ళు, పొద్దున్నే మొదలై రాత్రి దాకా సాగే స్టడీ అవర్లతో, ఇంటిని చదువుకు అడ్డంకిగా చూశాయి. వాటిలోని ఒత్తిడి మీద 2001లోనే నీరదా రెడ్డి కమిటీ వేయాల్సి వచ్చింది. హాస్టలూ ఇంటి చదువూ ఎదురెదురు కొసల్లా కనిపిస్తాయి. కానీ రెండిటి వెనకా ఉన్న భయం ఒకటే: మామూలు బడీ, మామూలు కుటుంబమూ కలిసి పిల్లను గట్టెక్కించలేవేమో అన్న భయం. ఒకరు ఇంటిని తీసేశారు, ఇంకొకరు బడిని తీసేశారు.

పక్కపక్కన పెట్టి చూస్తే

నాలుగు వాదాలూ ఎక్కడ బలంగా, ఎక్కడ బలహీనంగా ఉన్నాయో క్లుప్తంగా:

- అందరికీ బడి: పేద పిల్లలకు, ఆడపిల్లలకు రక్షణ ఇస్తుంది. బడిలో చేరాక పిల్లకు ఏం జరుగుతోందన్న దగ్గర గొంతు తగ్గుతుంది.
- తల్లిదండ్రుల హక్కు: కుటుంబ స్వేచ్ఛను కాపాడుతుంది. బిడ్డకూ తల్లిదండ్రులకూ మధ్య అభిప్రాయం వేరైతే ఏమనాలో చెప్పదు.
- బడి విమర్శ: నేర్చుకోవడం ఎలా జరుగుతుందో బాగా గమనించింది. ఆ తీరిక, ఆ పుస్తకాలు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయన్న లెక్క వేయదు.
- పర్యవేక్షణ: హింస, నిర్లక్ష్యం కనబడే అవకాశం పెంచుతుంది. చూడటానికి వచ్చే అధికారికి బడి కొలతబద్ద తప్ప మరొకటి తెలియకపోతే తనిఖీ వేధింపు అవుతుంది.

నాలుగింటికీ ఒక లోపం ఉమ్మడిగా ఉంది. అన్నీ ఒక్క బిడ్డను, ఒక్క పద్ధతిని పట్టుకుని వాదిస్తాయి. తల్లిదండ్రులు మాత్రం ఇద్దరు ముగ్గురు బిడ్డలను, ఒక జీతాన్నో రెండు జీతాలనో, ఇంట్లో పెద్దవాళ్ళ మందుల వేళలను కలిపి నడుపుతారు. పద్ధతుల్ని పోల్చే కొలత బిడ్డ మార్కుల్లో కాకుండా ఆ ఇంటి మొత్తం రోజులో వెతకాలి.

ఇంకా తేలనివి

చట్టం సంగతి మొదటిది. 10వ సెక్షన్‌కు స్పష్టమైన వివరణ లేనంతకాలం ఇంటి చదువు కుటుంబాలు అధికారి మంచితనం మీద బతుకుతాయి. 2020 జాతీయ విద్యావిధానం అనేక మార్గాల చదువును ప్రోత్సహిస్తానంది, ఓపెన్ స్కూలులో 3, 5, 8 తరగతుల స్థాయి కోర్సుల మాట ఎత్తింది. అది 10వ సెక్షన్‌తో ఎలా పొసుగుతుందో చెప్పలేదు.

లెక్క రెండోది. మన దేశంలో ఇంట్లో చదివే పిల్లలకు అధికారిక లెక్క లేదు. కోరి ఇంట్లో ఉన్నవాళ్ళనూ, పనికి పోతున్నవాళ్ళనూ విడదీయకుండా బడి బయటి పిల్లలని రాసుకోవడం ఇద్దరికీ నష్టమే. మొదటివాళ్ళు అనుమానితులవుతారు, రెండోవాళ్ళు అంకెల్లో పలచబడతారు.

బిడ్డ మాట మూడోది. చట్టం తల్లిదండ్రుల విధి చెప్పింది, రాజ్యం విధి చెప్పింది. ఏ వయసు నుంచి పిల్ల అభిప్రాయం అడగాలో చెప్పలేదు. హైకోర్టుకు వెళ్ళిన అమ్మాయి వయసు 14 అన్నది ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. బడికి వెళ్ళే పిల్లను కూడా, నీకిది ఇష్టమేనా అని ఎవరూ అడగరు.

తిరిగొచ్చే దారి నాలుగోది, ఆచరణలో అన్నిటికన్నా అవసరమైనది. చట్టం 4వ సెక్షన్ బడి బయటి పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడినచోట ప్రత్యేక శిక్షణ ఇవ్వాలంటుంది. ఇది పేద పిల్లలకోసం రాసిన నిబంధన. ఇంటి చదువు కుదరని పిల్లకూ అదే రక్ష. ఒకే ఇంట్లో రెండు చదువులు నడిపే కుటుంబాలు ప్రభుత్వాన్ని గట్టిగా అడగాల్సింది కూడా ఇదే: బడి వదిలే స్వేచ్ఛతో పాటు, ఏ ఏడైనా ప్రశ్నలు లేకుండా బడికి తిరిగి చేరే వీలు. ఆ తలుపు రెండు వైపులా తెరుచుకుంటే, ఇంట్లో చదివించడం జన్మకొకసారి తీసుకునే నిర్ణయం కాక, ఏటా మళ్ళీ చూసుకోగలిగే ఏర్పాటు అవుతుంది.

అలా ఏటా చూసుకునేటప్పుడు కుటుంబం వేసుకోవాల్సిన ప్రశ్నలు రెండు. ఈ ఏడు ఈ బిడ్డకు ఏది కుదిరింది? దాన్ని కుదర్చడానికి ఇంట్లో ఎవరు ఎన్ని గంటలు ఇచ్చారు? రెండో ప్రశ్నకు జవాబుగా ఒక్క మనిషి పేరే మళ్ళీమళ్ళీ వస్తుంటే, పద్ధతి ఏదైనా అది ఎక్కువకాలం నిలవదు. ఇంటి చదువును సమర్థించేవాళ్ళూ, వ్యతిరేకించేవాళ్ళూ ఆ గంటలను లెక్కలోకి తెచ్చేదాకా ఈ వాదం ఇంటి బయటే తిరుగుతుంటుంది.